సుల్తానా కల నుంచి డ్యూన్ దాకా: ఊహా కథలు ఇంట్లో చదవడం, మాట్లాడుకోవడం

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలు అనగానే మన ఇళ్లలో రెండు మాటలు వినబడతాయి. అవి ఇంగ్లిష్ మీడియం పిల్లల పుస్తకాలు అన్నది మొదటిది. జాదూలు, జిన్నుల కథలు మనకెందుకు అన్నది రెండోది. మొదటి మాట చరిత్ర ముందు నిలబడదు. ఈ రకం కథలు చెప్పడంలో అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ భాషలు ఎవరికీ తీసిపోలేదు. రెండో మాట మాత్రం తోసేయాల్సింది కాదు. దానికి జవాబు కాస్త నిదానంగా చెప్పుకోవాలి, కింద చెప్పుకుందాం.

అసలు ఇబ్బంది వేరే ఉంది. దాదీ, నానీలకు తెలిసిన దాస్తాన్లు ఉర్దూ లిపిలో ఉన్నాయి. తెలుగు మీడియంలోనో, ఇంగ్లిష్ మీడియంలోనో చదివే మనవళ్లకు ఆ లిపి రాదు. పిల్లలు హ్యారీ పాటర్ చదువుతారు, థియేటర్‌లో 'డ్యూన్' చూసి వస్తారు. పెద్దవాళ్లకు అవి ఎక్కవు. ఒకే ఇంట్లో రెండు అల్మారాలు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఈ రెండింటినీ కలిపి చదవాలనుకునే కుటుంబాలకు పనికొచ్చే వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

ఏది సైన్స్ ఫిక్షన్, ఏది ఫాంటసీ?

తేడా సులువే. ఇప్పుడు లేని యంత్రం, జరగని ఆవిష్కరణ, వెళ్లని గ్రహం ఉన్నాయనుకుని, అప్పుడు మనుషులు ఎలా ఉంటారో చెప్పేది సైన్స్ ఫిక్షన్. మేరీ షెల్లీ 1818లో అచ్చు వేయించిన 'ఫ్రాంకెన్‌స్టైన్'ను చాలామంది దీనికి మొదటి నవలగా లెక్కిస్తారు. హెచ్.జి. వెల్స్ 'టైమ్ మెషిన్' 1895లో వచ్చింది. మన 'ఆదిత్య 369' సినిమా (1991) ఆ దారిలోదే. ఫాంటసీలో యంత్రం బదులు మాయ ఉంటుంది. జిన్నులు, పరీలు, ఎగిరే తివాచీలు, మంత్రాల కోటలు. అయితే ఏ మాయ అయినా దానికంటూ కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. కట్టుబాటు లేని మాయతో కథ నడవదు. ఏదంటే అది జరిగిపోతుంటే పిల్లలకు కూడా విసుగొస్తుంది.

రెండింటి మధ్య గోడ పెద్ద గట్టిదేం కాదు. అలిఫ్ లైలాలో మీట తిప్పితే ఎగిరే నల్ల కర్ర గుర్రం ఉంది. దాన్ని యంత్రం అనాలా, మాయ అనాలా? మీ ఇంట్లో చర్చ మొదలుపెట్టడానికి ఈ ప్రశ్న ఒక్కటి చాలు.

అందలుస్ ద్వీపంలో ఒంటరి పిల్లాడు

స్పెయిన్‌లో ముస్లింల పాలన ఉన్న కాలంలో, 12వ శతాబ్దంలో, ఇబ్న్ తుఫైల్ అనే వైద్యుడు, తత్వవేత్త 'హయ్ ఇబ్న్ యఖ్జాన్' అనే కథ రాశారు. మనుషులు లేని ద్వీపంలో ఒక పసివాడు, వాడిని పెంచిన జింక. ఒకరోజు జింక చనిపోతుంది. తల్లిలాంటి ఆ ప్రాణికి ఏమైందో తెలుసుకోవాలని పిల్లాడు దాని శరీరం కోసి చూస్తాడు. గుండె దగ్గరికి చేరతాడు. ఇందులోంచి ఏదో వెళ్లిపోయింది, అదేమిటి అని ఆలోచిస్తాడు. అక్కడి నుంచి నిప్పు, నక్షత్రాలు, చివరికి వీటన్నిటినీ చేసినవాడు ఎవరు అన్న ప్రశ్న దాకా, ఎవరూ నేర్పకుండా, తన బుద్ధితోనే వెళ్తాడు.

ఈ పుస్తకం 1671లో లాటిన్‌లోకి, 1708లో సైమన్ ఆక్లీ చేతుల మీదుగా అరబ్బీ నుంచి నేరుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లింది. 'రాబిన్సన్ క్రూసో' వచ్చింది 1719లో. డిఫో దీన్ని చదివే రాశాడా అన్నదానిపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 13వ శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ కూడా ఇలాంటి ఒంటరి పిల్లాడి కథే రాశారు. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం ఎలా వెళ్లి వస్తుందో వివరించిన వైద్యుడు ఈయనే.

పదో తరగతి పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి. బయాలజీ, ఖగోళం, ఈమాన్ మూడూ ఒకే కథలో కలిసే చోటు ఇంత సులువుగా మరెక్కడా దొరకదు.

గోల్కొండ పరీలు, కాశీ మజిలీలు

మన నేల సంగతికి వస్తే, కుతుబ్‌షాహీల గోల్కొండలో దక్కనీ కవులు రాసిన మస్నవీలు చాలావరకు ఊహా కథలే. ముల్లా వజ్హీ 1609లో 'కుతుబ్ ముష్తరీ' రాశారు. ఆయనే 1635లో వచనంలో 'సబ్ రస్' రాశారు. అందులో అఖ్ల్, దిల్, హుస్న్, ఇష్క్ లాంటివే పాత్రలు. అంటే బుద్ధి ఒక రాజు, మనసు ఒక యువరాజు అన్నమాట. గవ్వాసీ రాసిన 'సైఫుల్ ములూక్ వ బదీవుల్ జమాల్'లో ఈజిప్ట్ రాకుమారుడు ఒక పరీ బొమ్మ చూసి మనసు పారేసుకుని, సముద్రాలు దాటుకుంటూ వెతుక్కుంటూ పోతాడు. ఈ భాష ఇవాళ పాతబస్తీలో వినబడే దక్కనీకి ముత్తాత. చదివి వినిపిస్తే చాలా మాటలు మన చెవికి అందుతాయి. హైదరాబాద్ పంజాగుట్టలోని ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూలో దక్కనీ చేతిరాత ప్రతులను భద్రపరిచారు. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో నెలకొల్పిన సంస్థ అది.

తెలుగులో ఈ పని చేసింది మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు'. కాశీ యాత్రకు వెళ్తూ ఆగిన ప్రతి చోటా గురువు ఒక కథ చెబుతాడు. ఆ ఆగే చోటును మజిలీ అన్నారు. మన మంజిల్ అన్న మాటే తెలుగులోకి వచ్చి మజిలీ అయింది. తెలుగువారి అతిపెద్ద మాయల కథల పుస్తకం పేరులోనే మన మాట కూర్చుని ఉందని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

తర్వాతి తరానికి 'చందమామ' ఉంది. 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్లు రాశారు. చిత్రా బొమ్మలు వేసేవారు. ఇప్పుడు యాభై, అరవై ఏళ్లున్న అబ్బాజాన్లను అడగండి, నెల నెలా ఆ సంచిక కోసం ఎలా కాచుకునేవారో వాళ్లే చెబుతారు.

ఇంకో దారి సినిమా. ఎన్టీఆర్ తీసి నటించిన 'గులేబకావళి కథ' 1962లో వచ్చింది. మూలం గుల్-ఎ-బకావలీ. ఫార్సీలో మొదలై, ఫోర్ట్ విలియం కాలేజీ రోజుల్లో ఉర్దూలోకి వచ్చి, పండిట్ దయాశంకర్ నసీమ్ చేతిలో 'గుల్జార్-ఎ-నసీమ్' అనే మస్నవీ అయిన కథ అది. సినారె సినిమా పాటల రచయితగా అడుగుపెట్టింది ఈ చిత్రంతోనే. ఆయన చదువు ఉర్దూ మీడియంలో సాగింది. కాబట్టి ఈ కథ ఉర్దూ ఇంట్లోంచి తెలుగు ఇంట్లోకి వచ్చినప్పుడు తలుపు తీసినవారికి రెండు భాషలూ తెలుసు.

తిలిస్మ్-ఎ-హోష్‌రుబా: నలభై ఆరు సంపుటాల ప్రపంచం

ఉర్దూలో ఫాంటసీ అంటే ముందు చెప్పుకోవాల్సింది 'దాస్తాన్-ఎ-అమీర్ హంజా'. అక్బర్ బాదుషాకు ఈ కథలంటే ఎంత ఇష్టమంటే, దాదాపు 1,400 పెద్ద చిత్రాలతో 'హంజానామా' వేయించారు. పని పూర్తవడానికి సుమారు పదిహేనేళ్లు పట్టింది. వాటిలో మిగిలినవి కొన్నే, అవీ దేశదేశాల మ్యూజియంలలో చెల్లాచెదురయ్యాయి.

నోటితో చెప్పే ఈ దాస్తాన్లను లక్నోలోని నవల్ కిషోర్ ప్రెస్ 19వ శతాబ్దం చివర్లో అచ్చు వేయడం మొదలుపెట్టింది. 1917 నాటికి మొత్తం 46 సంపుటాలయ్యాయి. అందులో అన్నిటికంటే పేరు పడ్డది 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా'. తొలి సంపుటం 1883లో వచ్చింది. మొదటి నాలుగు ముహమ్మద్ హుసేన్ జాహ్ రాస్తే, మిగతావి అహ్మద్ హుసేన్ ఖమర్ రాశారు. అచ్చు వేసిన ముంషీ నవల్ కిషోర్ హిందువు. రాసినవారు ముస్లింలు. కొని చదివినవారిలో ఇద్దరూ ఉన్నారు.

తిలిస్మ్ అంటే ఉత్త మాయ కాదు. జాదూగర్లు కట్టిన ఒక ప్రపంచం. దానికి తన సూర్యుడు, తన నదులు, తన చట్టం ఉంటాయి. లోపలికి వెళ్లినవాడు బయటికి రాలేడు. కానీ ప్రతి తిలిస్మ్‌నూ ఛేదించేవాడు ఒకడు ఉంటాడు, అతడికి దారి చూపే పలక ఒకటి ఎక్కడో దాచి ఉంటుంది. ఆ పలకను లౌహ్ అంటారు. ఇవాళ పిల్లలు కంప్యూటర్ గేముల్లో చూసే లెవెల్, తాళం, రహస్య దారి అన్నీ ఇక్కడ నూట నలభై ఏళ్ల కిందే ఉన్నాయి.

హోష్‌రుబాకు బాదుషా అఫ్రాసియాబ్, మహా జాదూగర్. ఆయన మలికా పేరు హైరత్. దేవుణ్ని నేనే అని చెప్పుకునే లఖా అనే భారీకాయుడిని తరుముతూ వచ్చిన అమీర్ హంజా సైన్యానికి అఫ్రాసియాబ్‌తో తలపడాల్సి వస్తుంది. తిలిస్మ్ ఛేదించడానికి వెళ్లేది హంజా మనవడు అసద్. అయినా చదువరుల మనసు దోచేది రాజులూ కాదు, యువరాజులూ కాదు. అమర్ అయ్యార్. వేషాలు మార్చడంలో, మోసంతో గెలవడంలో అతడికి సాటి లేదు. భుజాన జంబీల్ అనే సంచి. అందులో ఎంత వేసినా పడుతుంది, ఊళ్లకు ఊళ్లు ఇమిడిపోతాయి. అమర్ పిసినారి, అత్యాశపరుడు, భయస్తుడు కూడా. అయినా మహా మహా జాదూగర్లు అతడి పేరు వింటే వణుకుతారు. శత్రువుల వైపు సర్‌సర్ అనే కత్తి తిప్పే అయ్యారా ఉంది. అమర్‌కు సరైన జోడీ ఆమే. దాస్తాన్లలో ఆడవాళ్లు పరదా చాటున కూర్చునే ఉంటారనుకునేవాళ్లు సర్‌సర్‌ను ఒకసారి కలవాలి.

ఢిల్లీ చివరి పెద్ద దాస్తాన్‌గో మీర్ బాఖర్ అలీ 1928లో కన్నుమూశారు. ఆ తర్వాత దాస్తాన్ చెప్పే కళ దాదాపు ఆగిపోయింది. అలహాబాద్‌లో షంసుర్రహ్మాన్ ఫారూఖీ దేశమంతా వెతికి 46 సంపుటాలూ పోగు చేశారు, వాటి మీద పెద్ద పరిశోధన రాశారు. 2005 నుంచి ఢిల్లీలో దాస్తాన్‌గోయీ మళ్లీ వేదిక ఎక్కడానికి ఆయన పనే ఆసరా. ఫారూఖీ సాబ్ 2020 డిసెంబర్‌లో పోయారు. ఇంగ్లిష్‌లో చదివేవారికి ముషర్రఫ్ అలీ ఫారూఖీ అనువాదాలున్నాయి. ఒకే సంపుటంలో ఉన్న అమీర్ హంజా 2007లో, హోష్‌రుబా మొదటి భాగం 2009లో వచ్చాయి. మీకు ఉర్దూ లిపి వస్తే పాత సంపుటాల స్కాన్లు రేఖ్తా వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. పూర్తిగా చదవాలని మాత్రం పట్టు పట్టకండి, అన్ని పేజీలకు ఒక జీవితం సరిపోదు. ఒక్కో ఘట్టం తీసుకుని గట్టిగా చదివి వినిపించండి. అవి పుట్టిందే వినడానికి.

పిల్లలకు ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ కథానాయకుడి పేరు ప్రవక్త ముహమ్మద్ (స) బాబాయి హజ్రత్ హంజా (రజి) పేరే. ఉహుద్‌లో షహీద్ అయిన ఆ మహనీయుడి జీవితానికీ, ఈ దాస్తాన్‌లోని సాహసాలకూ సంబంధం లేదు. సీరత్ వేరు, దాస్తాన్ వేరు. ఈ గీత ముందే గీసేస్తే తర్వాత తికమక ఉండదు.

మద్రాసులో అచ్చయిన సుల్తానా కల

ఇక నా దృష్టిలో ప్రతి ముస్లిం ఇంట్లో ఉండాల్సిన సైన్స్ ఫిక్షన్ కథ. పొడుగు చూస్తే ఒక సాయంత్రంలో అయిపోతుంది. పేరు 'సుల్తానాస్ డ్రీమ్'. రాసినవారు బేగం రొకేయా సఖావత్ హుసేన్. 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్. 1908లో కలకత్తాలో పుస్తకంగా వచ్చింది.

రొకేయా 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో పుట్టారు. ఆ ఇంట్లో ఆడపిల్లలకు బెంగాలీ, ఇంగ్లిష్ నేర్పేవారు కాదు. రాత్రిళ్లు అందరూ పడుకున్నాక అన్న ఇబ్రాహీం చాటుగా నేర్పారు. పెళ్లయ్యాక భర్త సఖావత్ హుసేన్ చదువును ప్రోత్సహించారు. ఆయన భాగల్పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేట్. ఆయన డ్యూటీ మీద ఊరెళ్లినప్పుడు ఊసుపోక, ఇంగ్లిష్ రాయడం ఎంత వచ్చిందో చూసుకుందామని ఈ కథ రాశారట. తిరిగొచ్చిన భర్త నిలబడే మొత్తం చదివేసి, ఇది మగవాళ్ల మీద తీర్చుకున్న గట్టి పగ అన్నారట. అని ఊరుకోలేదు, అచ్చుకు పంపమని వెంటపడ్డారు కూడా.

కథ ఇది. సుల్తానా పడక కుర్చీలో కునుకు తీస్తూ ఇంకో దేశానికి వెళ్తుంది. అక్కడ వీధుల్లో మగవాళ్లు కనబడరు. జనానా లేదు, మర్దానా ఉంది. మగవాళ్లు లోపల ఉంటారు. వంటిళ్లలో పొగ లేదు, వంట ఎండ వేడితో జరుగుతుంది. ఆకాశంలో మబ్బుల నుంచే గొట్టాలతో నీళ్లు తీసుకుంటారు, కాబట్టి కరువు లేదు, వరద లేదు. రైలు పట్టాలు లేవు, గాలిలో ఎగిరే బండ్లు ఉన్నాయి. ఇదంతా రైట్ సోదరులు మొదటిసారి గాలిలోకి లేచిన రెండేళ్లకు రాసింది. సోలార్ కుక్కర్ అన్న మాట మనకు తెలియడానికి ఎన్నో దశాబ్దాల ముందు.

ఆ దేశం అలా ఎలా మారింది? రాణి ఆడపిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసింది. ఇరవై ఒక్క ఏళ్లలోపు పెళ్లి వద్దంది. ఆడవాళ్లకు రెండు విశ్వవిద్యాలయాలు పెట్టింది. ఒకటి నీళ్ల బెలూన్ కనిపెడితే, రెండోది సూర్యుడి వేడిని పోగు చేసే పద్ధతి కనిపెట్టింది. మగవాళ్లు ఈలోగా సైన్యం పెంచుకుంటూ, ఈ ఆడవాళ్ల పరిశోధనలను చూసి నవ్వుకుంటూ ఉన్నారు. తర్వాత పక్క దేశం దండెత్తింది. ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను అప్పగించనన్నందుకే ఆ యుద్ధం. మగ సైన్యం ఓడిపోయింది. అప్పుడు ఒక విశ్వవిద్యాలయం ప్రిన్సిపల్ రెండు వేలమంది విద్యార్థినులతో వెళ్లి, పోగు చేసిన ఎండ వేడిని శత్రువు మీదికి తిప్పింది. శత్రువు పారిపోయాడు. వాళ్లు బయటికి రావాలంటే ముందు మగవాళ్లు లోపలికి వెళ్లాలని షరతు పెట్టారు కదా. అలా వెళ్లినవాళ్లు ఇక బయటికి రాలేదు.

బీకాం చదివిన నాకు ఇందులో బాగా నచ్చింది ఒక లెక్క. ఆడవాళ్లు ఆఫీసు పని రెండు గంటల్లో ముగిస్తారు. మగవాళ్లకు ఏడు గంటలు ఎందుకు పట్టేది? ఒక చుట్ట కాలడానికి అరగంట. రోజుకు పన్నెండు చుట్టలు. అంటే ఆరు గంటలు పొగలోనే పోయాయి. ఇంతకంటే శుభ్రమైన ఆడిట్ నేను చూడలేదు.

ఈ కథను పర్దాకు వ్యతిరేకంగా రాసిందని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. రొకేయా స్వయంగా బురఖా వేసుకునేవారు, దాని మీద విడిగా వ్యాసం కూడా రాశారు. ఆమె గొడవ పడింది ఆడవాళ్లను గదిలో పెట్టి చదువుకు తాళం వేయడం మీద. కథ రాసి ఊరుకోలేదు కూడా. భర్త చనిపోయాక 1909లో భాగల్పూర్‌లో ఐదుగురు ఆడపిల్లలతో బడి పెట్టారు. 1911లో దాన్ని కలకత్తాకు మార్చారు. ఇంటింటికీ తిరిగి, మీ అమ్మాయిని పంపండి అని అడిగారు. సఖావత్ మెమోరియల్ బడి ఇప్పటికీ నడుస్తోంది. ఆమె 1932 డిసెంబర్ 9న చనిపోయారు. కాపీరైట్ గడువు ముగిసింది కాబట్టి కథ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దుర్గాబాయి గోండు బొమ్మలతో చెన్నై తారా బుక్స్ వేసిన పుస్తకం కూడా చాలా బాగుంటుంది, పిల్లలకు అది చూపించండి.

డ్యూన్: మన మాటలు, ఇంకొకరి కథ

మన కుర్రాళ్లు ఎక్కువగా మాట్లాడుకునే సైన్స్ ఫిక్షన్ నవల ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన 'డ్యూన్'. అది మొదలుపెట్టినవారికి మొదటి ఆశ్చర్యం, పేజీ తిప్పితే మనకు తెలిసిన మాటలు. మహదీ, లిసానుల్ గైబ్, ముఅద్దిబ్, ఫిదాయీలు, జిహాద్. ఎడారి తెగల మాటల్లో చాలావాటికి మూలం అరబ్బీ. కాకసస్ కొండల్లో రష్యా మీద పోరాడిన ఇమామ్ షామిల్ గురించి లెస్లీ బ్లాంచ్ 1960లో రాసిన పుస్తకం నుంచి కూడా హెర్బర్ట్ చాలా తీసుకున్నాడని పరిశోధకులు చూపించారు.

సంతోషించాలా, కోపం తెచ్చుకోవాలా? దీని మీద ముస్లిం చదువరులు రెండుగా విడిపోతారు. రెండు వాదాల్లోనూ బలం ఉంది. ముస్లిం ప్రపంచపు మాటలు, కట్టుబాట్లు భవిష్యత్తులో కూడా బతికి ఉంటాయని ఊహించిన పెద్ద నవల ఇది, ఆ రోజుల్లో ఇంకెవరూ అలా ఊహించలేదు. మరోవైపు, ఎడారి జనాన్ని నడిపించడానికి బయటి నుంచి ఒక రాకుమారుడు రావాలి, వాళ్ల నమ్మకాన్ని అతడు వాడుకోవాలి. ఇంకా చూస్తే, ఆ మహదీ జోస్యాన్ని అక్కడ నాటింది కూడా బయటివాళ్లే. బెనె గెసెరిట్ అనే ఆడవాళ్ల సంఘం ముందుచూపుతో దేశదేశాల్లో ఇలాంటి జోస్యాలు చల్లి పెట్టుకుంటుంది. హెర్బర్ట్ దీన్ని మెచ్చుకోవడానికి రాయలేదు. 1969లో వచ్చిన రెండో నవల చదివితే ఆ హీరో పేరు మీద ఎంత రక్తం పారిందో తెలుస్తుంది. సినిమా చూసి ఆగిపోయినవాళ్లకు ఆ సంగతి సరిగ్గా అందదు. పైగా 2021 సినిమాలో జిహాద్ అన్న మాటను పక్కన పెట్టి పవిత్ర యుద్ధం అన్నారు. ఆ మాట తీసేయడం మర్యాదా, భయమా అన్నది మంచి చర్చ.

కామర్స్ పిల్లలకు ఇంకో దారి చెబుతాను. 'డ్యూన్'ను గుత్తాధిపత్యం కథగా చదవండి. ఒకే సరుకు, మసాలా. అది దొరికేది ఒకే గ్రహంలో. రవాణా అంతా ఒకే గిల్డ్ చేతిలో. వాటాలన్నీ ఒకే కంపెనీలో. సరుకు పుట్టే నేల మీద బతికేవాళ్లకు మాత్రం గుక్కెడు నీళ్లు ఉండవు.

ఇప్పటి రచయితలు

ఇప్పుడు ముస్లింలు తమ కథ తామే చెబుతున్నారు. జి. విల్లో విల్సన్ రాసిన 'అలిఫ్ ది అన్‌సీన్' (2012)లో హ్యాకర్ కుర్రాడికి జిన్నులు తోడవుతారు. దానికి వరల్డ్ ఫాంటసీ అవార్డు వచ్చింది. కమలా ఖాన్ అనే పాకిస్తానీ అమెరికన్ అమ్మాయి హీరోగా వచ్చిన 'మిస్ మార్వెల్' కామిక్స్ రాసింది కూడా ఆమే. ఎస్.ఎ. చక్రవర్తి 'సిటీ ఆఫ్ బ్రాస్' (2017) 18వ శతాబ్దపు కైరో వీధుల్లో మొదలై జిన్నుల నగరానికి వెళ్తుంది. అహ్మద్ సాదావీ అరబ్బీలో రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్'లో పాత సామాన్ల వ్యాపారి ఒకడు బాంబు పేలుళ్లలో తునకలైన శరీరాల ముక్కలు కలిపి కుడతాడు. 2014లో అరబ్బీ నవలల అంతర్జాతీయ బహుమతి దానికే వచ్చింది. ఇది పెద్దవాళ్ల పుస్తకం, పిల్లల చేతికి ఇవ్వొద్దు. సైన్స్ ఫిక్షన్ మీద పరిశోధన చేసి, తానూ నవలలు రాస్తున్న సమీ అహ్మద్ ఖాన్ మన దేశం వారే.

ఇబ్నె సఫీని మరచిపోతే పాత చదువరులు ఊరుకోరు. ఆయన జాసూసీ నవలలే రాసినా, ఇమ్రాన్ సిరీస్‌లో జీరోలాండ్ అనే రహస్య శక్తి, దాని వింత యంత్రాలు సైన్స్ ఫిక్షన్‌కు పక్కింటివే. అబ్బాకు సైన్స్ ఫిక్షన్ నచ్చదంటే ఇక్కడి నుంచి మొదలుపెట్టండి.

జాదూ కథలు చదవొచ్చా?

సిహ్ర్ నేర్వడం, చేయడం హరామ్. ఇందులో రెండో మాట లేదు. కథలో జాదూగర్ ఉంటే ఆ కథ చదవొచ్చా అన్నదానిపై మాత్రం పెద్దల అభిప్రాయాలు ఒక్కటిగా లేవు. ఇది వార్తా వ్యాసం, ఫత్వా కాదు. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగడమే పద్ధతి. చదువరిగా ఒక తేడా మాత్రం చూపించగలం. హోష్‌రుబాలో జాదూ గర్వానికి గుర్తు. అమీర్ హంజాకు రక్షణ ఇస్మె ఆజం. కానీ హంజా వైపు చేరిపోయిన జాదూగర్లు అదే జాదూతో అతడి కోసం పోరాడతారు. ఇది సబబేనా? దాస్తాన్ వినేవాళ్లు ఈ ప్రశ్న మీద పాతకాలంలోనూ తల గోక్కునే ఉంటారు. పుస్తకం లాక్కుని దాచేస్తే పిల్లలు ఫోన్‌లో చదువుతారు, అప్పుడు మాట్లాడుకోవడానికి మీరు పక్కన ఉండరు.

ఇంట్లో చదువు బైఠక్

నెలకోసారి చాలు. ఆదివారం అసర్ తర్వాత, ఆరేడుగురు. ఖాలా పిల్లలు, ఫూఫీ పిల్లలు, వీలైతే ఇరుగుపొరుగు. నవల మొత్తం చదివి రమ్మంటే మూడో నెలకు ఎవరూ రారు. మొదటిసారి 'సుల్తానా కల' పెట్టుకోండి. ఎవరికీ ముందే చదవాల్సిన పని లేదు, అక్కడే గంటలో చదివేయొచ్చు. ఇంగ్లిష్ వచ్చినవారు ఒక పేరా చదివి తెలుగులోనో ఉర్దూలోనో చెప్పాలి. ఇందులో పిల్లలకు రెండు భాషల సాధన కూడా అయిపోతుంది. హోష్‌రుబా అయితే ఉర్దూ చదవగల దాదీకి పెద్దపీట వేయండి. పిల్లల ముందు చాలా ఏళ్ల తర్వాత ఆమెకు దొరికే గురువు స్థానం అది.

ప్రశ్నలు అడిగేటప్పుడు కథ నీతి ఏమిటని అడగొద్దు. అది పరీక్ష పేపరు ప్రశ్న, పిల్లలు నోరు మూసుకుంటారు. ఈ లోకంలో వంట ఎవరు చేస్తున్నారు, పన్ను ఎవరు కడుతున్నారు అని అడగండి. సుల్తానా లోకంలో మగవాళ్లను లోపల పెట్టడం న్యాయమేనా, లేక ఒక అన్యాయం బదులు ఇంకో అన్యాయమా? అమర్ అయ్యార్ అబద్ధాలు మన వైపు కాబట్టి నవ్వు తెప్పిస్తున్నాయా? లిసానుల్ గైబ్ అంటే అరబ్బీలో అర్థం ఏమిటి, హెర్బర్ట్ దాన్ని ఎలా వాడుకున్నాడు? కోడళ్లు, అత్తలు ఒకే గదిలో కూర్చుని 'సుల్తానా కల' మీద మాట్లాడితే వాదన కాస్త వేడెక్కుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. చాయ్ మధ్యలో ఇవ్వండి, చివర్లో కాదు.

పుస్తకాలకు పెద్ద ఖర్చు లేదు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లిష్ నవలలు బేరమాడి తెచ్చుకోవచ్చు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఒకప్పటి ఆసిఫియా గ్రంథాలయం. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడూ ఒకే కప్పు కింద ఉన్న చోటు అది. జిల్లాల్లో ఉన్నవారు జిల్లా కేంద్ర గ్రంథాలయంలో 'కాశీ మజిలీ కథలు' అడిగి చూడండి. ముందు లేవంటారు, లోపల బీరువా తీయించి చూడమనండి.